సముద్రం లేని ఊళ్లో ఈత

నేను బందరు హైస్కూల్లో భూగోళం చెబుతాను. ఇరవై రెండేళ్లుగా పిల్లల చేత పటాల్లో నదులూ పర్వతాలూ గుర్తు పెట్టిస్తున్నాను. స్వయంగా బెజవాడ దాటి వెళ్లడం మాత్రం ఇదే మొదలు. హైదరాబాదులో తొమ్మిది రోజులుండి వచ్చానని తెలిసి తోటి మేష్టర్లు చార్మినారు ఎంత ఎత్తుంది, నగల అంగళ్లు ఎలా ఉన్నాయి అని అడుగుతున్నారు. నేను చార్మినారు చూడలేదు. నేను చూసినవి అమీర్‌పేట, పంజాగుట్ట అనే రెండు పల్లెలు, ఒక విమానాల మైదానం కంచె, ఒక మోటబావి. వెళ్లనివారి కోసం ఇది రాస్తున్నాను గానీ, వెళ్లివచ్చిన నాకే సగం సంగతులు అర్థం కాలేదని ముందే ఒప్పుకుంటున్నాను.

వెళ్లిన పని చెబుతాను. మా అక్కయ్య కరుణమ్మకు ఒక్కడే కొడుకు, ప్రసాదు. ఇరవై ఏళ్లవాడు. యుద్ధం వచ్చి కుర్రాళ్లంతా ఎటో ఒకవైపు వెళుతుంటే వీడు విమానాలు నడపడం నేర్చుకోవడానికి హైదరాబాదు వెళ్లాడు. అక్కయ్య అంత తేలిగ్గా ఒప్పుకోవడానికి కారణం ఒకటే. ఆ ఊరికి సముద్రం లేదు. పదకొండేళ్ల కిందట మా బావ బందరు సముద్రంలో పోయాడు. శవం కూడా దొరకలేదు. ఆ రోజు ఆ పడవలో నేనూ ఉన్నాను. నన్ను ఒడ్డుకు తెచ్చారు, ఆయన్ని తేలేకపోయారు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరమూ ఎత్తము. ప్రసాదును అక్కయ్య ఆనాటి నుంచి కాలవలో కూడా దిగనివ్వలేదు. బందరులో పుట్టి ఈత రాని మగపిల్లాడు వాడొక్కడే అయి ఉంటాడు.

అలాంటివాడు మొన్న ఉత్తరం రాశాడు. తనకు రెస్క్యూ శాఖ కావాలని అడిగాడట. అంటే యుద్ధంలో విమానాలు కూలి సముద్రంలో పడ్డవాళ్లను ఇంకో విమానంలో పోయి వెతికి తెచ్చే పని. ఇరవై ఒకటి నిండలేదు కనుక ఇంటిపెద్ద సంతకం కావాలని ఒక కాగితం కూడా పంపాడు. తండ్రి లేడు కనుక పెద్దను నేనే. అక్కయ్య ఆ కాగితం నా చేతిలో పెట్టి, "సంతకం పెట్టకుండా తిరిగి రా. వాణ్ణి నేలమీద ఎగిరే శాఖలోకి మార్పించి రా" అంది. నేలమీద ఎగరడమేమిటో నాకు బోధపడలేదు. ఆవిడకు మాత్రం ఏం బోధపడి ఉంటుంది. సరేనని రైలెక్కాను.

ఖైరతాబాదు

మా పాస్టరుగారు అమీర్‌పేటలోని తమ స్నేహితుడి ఇంటికి దారి గీసి ఇచ్చారు. ఖైరతాబాదులో దిగి ఆ కాగితం విప్పాను. పటం చదవడం నేర్పేవాణ్ణి కదా, ఎవరినీ అడగకూడదనుకున్నాను. అరగంట నడిచేసరికి మళ్లీ దిగినచోటికే వచ్చాను. అంగళ్ల మీద పేర్లన్నీ ఉర్దూలో ఉన్నాయి. అవి ఎటునుంచి ఎటు చదవాలో తెలియక ఒక మంగలి దుకాణం ముందు నిలబడి అది పోస్టాఫీసు అనుకున్నాను. లోపలివాడు నన్ను కుర్చీలో కూర్చోమని సైగ చేసేదాకా అనుమానం రాలేదు.

చివరికి టాంగా పిలిచాను. టాంగా ఆయన తెల్లగడ్డం పెద్దమనిషి. అమీర్‌పేటకు ఎంత అంటే "ఎన్మిది అణాలు" అన్నాడు. నేను జేబులోంచి తీసిన రూపాయి చూసి, "గిది కల్దార్ గద సారూ. హాలీ లేదా?" అన్నాడు. అక్కడ ఇంగ్లీషువాళ్ల రూపాయిని కల్దార్ అంటారు, నిజాంగారి రూపాయిని హాలీ అంటారు. రెండింటికీ విలువ వేరు. ఆయన చిల్లర ఇస్తూ లెక్క రెండుసార్లు చెప్పాడు. నేను రెండుసార్లూ తల ఊపాను.

"పరేషాన్ గాకుర్రి సారూ, మీకేం తక్వ ఇయ్యలే" అన్నాడాయన. నా మొహం అలా ఉందన్నమాట.

అమీర్‌పేట

మేష్టర్లు పట్నం అంటారు గానీ, ఆ దారిలో నాకు పట్నం కనిపించలేదు. ఒకవైపు నవాబుల తోటల గోడలు, ఇంకోవైపు జొన్నచేలు. వాటి వెనక బంజారా గుట్టల రాళ్లు. ఒక్కొక్క రాయి ఇల్లంత ఉంటుంది, దాని మీద ఇంకొకటి ఎవరో తెచ్చి నిలబెట్టినట్టు ఉంటుంది. దక్కను పీఠభూమి రాయి ప్రపంచంలో చాలా పాతదని ఏటా పాఠం చెబుతాను. ఆ రాళ్లు ఎందుకు దొర్లిపోవడం లేదో మాత్రం నా పుస్తకంలో లేదు.

దిగిన ఇల్లు దానయ్యగారిది. ఖైరతాబాదులో ఒక సర్కారు దఫ్తరులో నకళ్లు రాసే గుమాస్తా. భార్య రత్నమ్మ. మా మాదిరే సంఘపు కుటుంబం. ప్రసాదు ఆదివారాలు వీళ్లింటికే భోజనానికి వస్తాడట. మావైపు చుట్టం వస్తే కాఫీ ఇస్తాం. వీళ్లు చాయ్ ఇచ్చారు, అది కూడా కప్పులోంచి సాసరులోకి పోసుకుని తాగాలి. నేను పంచె మీద పోసుకున్నాను. రాత్రి జొన్నరొట్టె, పుంటికూర పప్పు. పుంటికూర అంటే ఏదో కొత్త ఆకు అనుకుని తిన్నాను. మన గోంగూరే. రత్నమ్మగారికి ఆ మాట చెబితే, "మీ దిక్కు గట్లంటరా! పేరు ఏదైతేంది, ఇంకింత ఏసుకోండ్రి" అని గరిటెతో నిండా వడ్డించింది.

భోజనాల ముందు ఇంటి ప్రార్థన. మావైపు ప్రార్థన చేసేటప్పుడు పేర్లు అంతగా ఎత్తరు. దానయ్య మాత్రం ఊళ్లో జ్వరమొచ్చిన ప్రతివాణ్ణి పేరు పెట్టి చెప్పి, చివర్లో, "గాలిల తిరిగెటోళ్లను, నీళ్లల తిరిగెటోళ్లను, మా ప్రసాదును, గాయినను చూడనీకె అంత దూరంకెల్లి వచ్చిన మ్యానమామను సుత కాపాడు తండ్రీ" అన్నాడు. మేనల్లుణ్ణి ఆపడానికి వచ్చానని నేనింకా వాళ్లకు చెప్పలేదు. ఆమెన్ అనడానికి కొంచెం ఆలస్యమైంది నాకు.

విమానాల కంచె

మర్నాడు ఆదివారం. గుడిలో ఆరాధన అయ్యాక దానయ్య నన్ను బేగంపేట మైదానం దగ్గరికి నడిపించుకుపోయాడు. అక్కడ ఇనపతీగ కంచె ఉంది. కంచెకు ఇవతల తిరునాళ్లలా జనం. సీతాఫలాలు అమ్మేవాళ్లు, వేయించిన పల్లీలు అమ్మేవాళ్లు. విమానాలు పైకి లేస్తుంటే చూసి, ఏది ఎవరు నడుపుతున్నారో పందేలు వేసుకుంటున్నారు. పసుపురంగు బుల్లి విమానాలు, రెండేసి రెక్కలు. ఒకటి దిగుతూ నేలను తాకి మళ్లీ ఎగిరి, మళ్లీ తాకి, మూడోసారికి నిలబడింది. పల్లీల ముసలమ్మ, "కొత్త పోరడు" అంది.

ఆ కొత్త పోరడు మావాడే అయ్యాడు. గంట తరవాత కంచె ఇవతలికి వచ్చి కాళ్లకు దండం పెట్టాడు. నల్లబడ్డాడు, చిక్కాడు, గొంతు మాత్రం మా బావ గొంతయింది. ఆ గొంతు విని నాకు దుఃఖం వచ్చింది. కళ్లెందుకు తడిశాయని వాడు అడిగితే సీతాఫలం గింజ మింగానని చెప్పాను.

కంచె పక్కన ఒక రాయి మీద కూర్చుని, అసలు నీ ఉద్యోగం ఏమిటో మొదటినుంచి చెప్పమన్నాను.

"ఇక్కడిది ఓనమాలు మామయ్యా. తరవాత వేరే ఊళ్లో పెద్ద విమానం. అది నడపడం వచ్చాక చొక్కా మీద రెక్కల గుర్తు కుడతారు. అప్పుడు ఆఫీసరు. మొదటి మెట్టు పైలట్ ఆఫీసరు, దాని పైన ఫ్లయింగ్ ఆఫీసరు, దాని పైన ఫ్లైట్ లెఫ్టినెంటు."

"పైలట్ ఆఫీసరు ఫ్లయింగ్ చెయ్యడా?"

"చేస్తాడు."

"మరి ఫ్లయింగ్ ఆఫీసరు పైలట్ కాడా?"

"కావచ్చు, కాకపోవచ్చు."

దానయ్య నా వైపు చూశాడు, నేను దానయ్య వైపు చూశాను.

"సరే, మరి రెస్క్యూ ఎక్కడ వస్తుంది?"

"రెక్కలొచ్చాక. నీళ్లమీద వాలే విమానం ఉంటుంది మామయ్యా, కింద పడవలా ఉంటుంది. దానిలో బాంబులు ఉండవు. రబ్బరు పడవలు, మంచినీళ్లు, మందులు ఉంటాయి. పడ్డవాణ్ణి వెతికి పట్టుకుని, వాలి, ఎక్కించుకుని వస్తాం."

"పడ్డవాడు శత్రువైతే?"

"ముందు తీస్తాం. ఎవరని తరవాత అడుగుతాం."

"ఇది పెద్ద ఉద్యోగమా, చిన్నదా?"

వాడు తల గోక్కున్నాడు. "నా తోటివాళ్లు చిన్నదంటారు. యుద్ధం చేసినవాడికి వచ్చే పతకాలు దీనికి రావు. కొందరు భయస్థుల పని అంటారు, కొందరు అన్నిటికంటే ప్రమాదమైంది అంటారు."

ఇన్ని చెప్పాక నాకు ఏదీ స్థిరంగా తెలియలేదు. సంతకం సంగతి అడిగాడు. ఆలోచిస్తానన్నాను. అమ్మ ఏమంది అని అడిగాడు. అమ్మ కులాసాగా ఉందన్నాను.

దొర అడిగిన మాట

మూడో రోజు వాళ్ల పై ఆఫీసరు నన్ను రమ్మన్నాడు. పొడుగాటి తెల్లదొర, కనుబొమలు కూడా ఎర్రగా ఉన్నాయి. టీ ఇప్పించి ప్రసాదు కాగితాలు ముందు పెట్టుకున్నాడు. నేను చెప్పవలసిన మాట దారి పొడుగునా ఇంగ్లీషులో కూర్చుకున్నాను. "అయ్యా, వీడి తల్లికి సముద్రమంటే భయం, వీణ్ణి ఇంకో శాఖలో వేయండి." అంతే.

దొర తండ్రి ఎలా పోయాడని అడిగాడు. సముద్రంలో అని చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టాడు. తరవాత మెల్లిగా, "కుర్రాడికి ఈత బాగా వచ్చా?" అన్నాడు.

ఇక్కడ మా ఇళ్ల అలవాటొకటి చెప్పాలి. పరాయివాడు మన పిల్లల గురించి ఏదన్నా వచ్చా అని అడిగితే రాదనే మాట మా నోట రాదు. పెళ్లిచూపుల్లో పిల్లకు సంగీతం వచ్చా అంటే, ఇంట్లో హార్మోనియం లేకపోయినా, "ఆహా, వచ్చండీ" అంటాం. పిల్లాడికి లెక్కలు వచ్చా అంటే, "లెక్కల్లో వాడి తరవాతే ఎవరైనా" అంటాం. ఆ నిమిషంలో నేను ఎందుకు వచ్చానో, అక్కయ్య ఏమందో అన్నీ మరిచిపోయాను. దొర అడిగిన తీరు చూస్తే మావాడికి ఏదో లోటు ఉన్నట్టు అనిపించింది.

"ఈతా! సముద్రం ఒడ్డున పుట్టినవాడండీ. మా బందరులో పిల్లలు నడక కంటే ముందు ఈత నేర్చుకుంటారు" అన్నాను.

దొర సంతోషపడి, కాగితం మీద 'బాగా ఈదును' అని రాసుకుని చెయ్యి కలిపాడు. నేను బయటికి వచ్చి మెట్లు దిగుతుంటే నాలుగో మెట్టు మీద గుర్తొచ్చింది, ఏం చెప్పడానికి వచ్చి ఏం చెప్పానో.

సాయంత్రం ప్రసాదు సైకిలు మీద దానయ్య ఇంటికి ఆదరాబాదరా వచ్చాడు.

"మామయ్యా, నాకు ఈత రాదు!"

"తెలుసురా."

"తెలిసే చెప్పావా?"

వాడు అరుగుమీద కూలబడి సంగతి చెప్పాడు. ఈత రానివాళ్లకు మూడు వారాలు నేర్పి తరవాత పరీక్ష పెడతారు. వాడు మొదటే రాదని రాసిచ్చాడు. ఇప్పుడు నా మాట విని దొర, కుర్రాడు వినయానికి అలా రాశాడనుకుని, శనివారం పరీక్షలో పేరు వేశాడు. బట్టలతో, బూట్లతో దూకి కొలను దాటాలి. తరవాత పది నిమిషాలు నీళ్లమీద తేలి ఉండాలి.

"మునిగితే?"

"తీస్తారు. కానీ ఇక రెస్క్యూలోకి తీసుకోరు మామయ్యా. ఆ శాఖలో ఈత కంటే మాట ముఖ్యం. సముద్రంలో ఒకణ్ణి వెతకాలంటే ఎవరో ఒకరు 'అక్కడ చూశాను' అన్న మాట పట్టుకునే పోతాం. ఆ మాట తప్పయితే మనిషి పోయినట్టే."

ఆ మాట వాడు మామూలుగా అన్నాడు.

ఇప్పుడే పోయి దొరతో నిజం చెబుతానని లేచాను. వాడు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. "దొర ముందు నువ్వు అబద్ధాలకోరువు కావడం నాకిష్టం లేదు. ఇంకా నాలుగు రోజులున్నాయి. నేర్చుకుంటాను."

నిజం చెప్పాలంటే వాడు మునిగితే నా పని అయిపోతుంది. కాగితం ఖాళీగా పట్టుకుని అక్కయ్య దగ్గరికి పోవచ్చు. అలా అని సంతోషంగా ఉన్నానా అంటే లేదు. వాడు గెలవాలని ఉందా అంటే అదీ చెప్పలేను. ఆ రాత్రి రొట్టె ఎన్ని తిన్నానో రత్నమ్మగారు చెబితే గానీ నాకు తెలియలేదు.

పంజాగుట్ట మోటబావి

దానయ్యకు కూరగాయలు తెచ్చే రైతు మల్లయ్య. పంజాగుట్ట రాళ్లకు దిగువన నాలుగెకరాల తోట, మధ్యలో పెద్ద మోటబావి. ఎద్దులు ఏటవాలు దారిలో దిగుతుంటే తోలుబొక్కెన నిండా నీళ్లు పైకొస్తాయి. సాయంత్రం ఎద్దులను విప్పేశాక బావి ఖాళీ. మల్లయ్య ప్రసాదును తలనుంచి కాలిదాకా చూశాడు.

"గాలిల ఎగిరెటోనికి నీళ్లంటే భయమా? గిదేం ఇచ్చంత్రం సారూ!"

"శనివారానికి వస్తుందా?" అన్నాను.

"ఈత ఎవలకైనా వస్తది. జర భయం పోవాలె, గంతే."

రెండు ఎండిన సొరకాయ బుర్రలు తాడుతో ప్రసాదు వీపుకు కట్టాడు. దేశాన్ని కాపాడే ఆఫీసరు కాబోయేవాడు సొరకాయలు కట్టుకుని బావి మెట్ల మీద వణుకుతూ నిలబడ్డాడు. నడుముకు ఇంకో తాడు కట్టి దాని కొస నా చేతికిచ్చారు. నేను గట్టుమీద కూర్చుని ఆ కొసను చేతికి మూడు చుట్లు చుట్టుకున్నాను. మల్లయ్య చూసి నవ్వాడు. "గంత గట్టిగ పట్టుకుంటె పోరడు ఈదడు సారూ, గుంజుకొస్తడు. జర ఇడువుండ్రి."

మొదటిరోజు నీళ్లు మింగాడు. రెండోరోజు ఒక బుర్ర తీసేశారు. కుక్కపిల్లలా తల పైకెత్తి కాళ్లూ చేతులూ కొట్టాడు. మూడోరోజు, అంటే గురువారం, వెల్లకిలా తేలడం నేర్పాడు మల్లయ్య. చెవుల్లో నీళ్లు పోతున్నా కదలకుండా ఆకాశం చూస్తూ పడుకోవాలి. అది రావడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో అందరమూ మెట్లమీద కూర్చున్నాం. మల్లయ్య భార్య ఇచ్చిన ఉడకబెట్టిన పల్లీలు తింటూ మల్లయ్య అడిగాడు, అంత సముద్రంల ఒక మనిషిని ఎట్ల దేవులాడతవు బిడ్డా అని.

ప్రసాదు పుల్లతో మట్టిలో గీతలు గీశాడు. విమానం ఒక గీత వెంట పోతుంది, మలుపు తిరుగుతుంది, పక్కనే ఇంకో గీత వెంట వెనక్కి వస్తుంది. నేను పటాల మేష్టర్ని, నాకు తల తిరిగింది. మల్లయ్య ఒక్కసారి చూసి, "దున్నుడే గద! సాలు ఎంబడి సాలు. నడుమ సందు ఇడిస్తె గడ్డి మిగుల్తది" అన్నాడు.

"అదే!" అన్నాడు ప్రసాదు. నా వైపు తిరిగాడు. "మామయ్యా, నాన్న పోయిన రోజు ఏం జరిగింది?"

పదకొండేళ్లలో వాడు అడగడం అదే మొదలు. చేతిలో తాడు ఇంకా ఉంది. చెప్పాను. క్రిస్మసుకు నెల ముందు. ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగ దాటగానే పడవ తిరగబడింది. బావా నేనూ చెక్క పట్టుకుని తేలాం. చేపలు పట్టే ఒకాయన చిన్న తెప్పమీద వచ్చాడు. ఒక్కరికే చోటు. బావ నన్ను నెట్టి, "ముందు వీణ్ణి" అన్నాడు. ఒడ్డున ఇసకలో నన్ను పడేసి ఆ తెప్ప ఆయన అడిగాడు, రెండో మనిషి ఎక్కడ అని. నేను వేలు చూపించాను. నాకు ఏ అనుమానమూ లేదు, పడవ మునిగిన చోటు నాకు బాగా గుర్తుంది. ఆయన మధ్యాహ్నం దాకా అక్కడే వెతికాడు. బావ అక్కడ లేడు.

"నేను తప్పు చూపించాను రా" అన్నాను. ఆ మాట బయటికి అనడం కూడా అదే మొదలు. కళ్లనీళ్లు ఆగలేదు. ఏ గింజనూ సాకు చెప్పలేదు.

ప్రసాదు ఓదార్చలేదు. ప్రశ్నలు వేశాడు. గాలి ఎటునుంచి? ఈశాన్యం. పోటా, పాటా? పాటు, నీరు లోపలికి తీస్తోంది. ఒడ్డుకు వచ్చి మళ్లీ తెప్ప అక్కడికి పోవడానికి ఎంతసేపు? గంట పట్టి ఉంటుంది. వాడు తడి వేలితో మెట్టుమీద ఒక చుక్క పెట్టి, అక్కడినుంచి దక్షిణంగా పొడుగాటి గీత గీశాడు.

"నువ్వు చూపించింది సరైన చోటే మామయ్యా. నాన్న అక్కడే ఉన్నాడు, గంట ముందు. నీళ్లలో మనిషి పడ్డచోట ఉండడు. క్రిస్మసు ముందు మన ఒడ్డు వెంట నీరు దక్షిణానికి పోతుంది. మాకు చెప్పిన మొదటి పాఠం ఇదే. ఆ ఒడ్డున అది తెలిసినవాడు ఆ రోజు ఎవరూ లేరు."

తెలిసినవాడు ఒకడున్నాడు. బంగాళాఖాతం ప్రవాహాలు ఏ నెలలో ఎటు పోతాయో ఏటా నల్లబల్ల మీద బాణాలు గీసి చెప్పేది నేనే. పరీక్షల్లో ఆ ప్రశ్న ఇస్తాను. ఆ బాణాలు నీళ్లలో ఉన్న మనిషిని కూడా తీసుకుపోతాయని నాకు ఒక్కనాడూ తట్టలేదు. అది నా తప్పో కాదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

"అందుకే అడిగాను ఈ శాఖ" అన్నాడు ప్రసాదు. లేచి, రెండో బుర్ర కూడా విప్పేసి, నీళ్లలోకి దిగి వెల్లకిలా పడుకున్నాడు. ఈసారి తేలాడు.

నవాబుగారి కొలను

శనివారం పరీక్ష అమీర్‌పేటలోనే, ఒక నవాబుగారి తోటలోని కొలనులో. చుట్టూ పాలరాతి గట్టు, గులాబీలు. పన్నెండుమంది కుర్రాళ్లు బట్టలతో బూట్లతో నిలబడ్డారు. దొర గడియారం పట్టుకున్నాడు. మల్లయ్య తోటమాలితో మాట్లాడుకుని లోపలికి వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు. దానయ్య దఫ్తరుకు సెలవు పెట్టాడు.

మిగతావాళ్లు చేపల్లా పోయారు. మావాడు దూకిన చప్పుడుకే దొర తలెత్తి చూశాడు. తల పైకి, గెడ్డం పైకి, కుక్క ఈత. సగం దూరంలో బూట్లు లాగేశాయి. మునిగాడు. నా చెయ్యి లేని తాడును పట్టుకుంది.

"కాళ్లు గొట్టు! కాళ్లు గొట్టు బిడ్డా!" అని మల్లయ్య గోడ దగ్గరనుంచి అరిచాడు. నేనూ అరిచాను. నేను ఏ మాట అరిచానో దానయ్యను అడిగాను, ఆయనకూ తెలియదట. తల పైకొచ్చింది. గట్టు దొరికింది. తరవాత వెల్లకిలా తేలి ఆకాశం చూస్తూ పది నిమిషాలూ పడుకున్నాడు. అందులో మాత్రం మిగతా పదకొండుమందికంటే మావాడే కదలకుండా ఉన్నాడు.

దొర నా దగ్గరికి వచ్చి, ఎర్ర కనుబొమలు ఎత్తి, "బందరులో ఇలాగే ఈదుతారా?" అన్నాడు.

అవునండీ అనడానికి నోరు తెరిచాను. ఆ మాట రాలేదు. "లేదండీ. నాలుగు రోజుల కిందటిదాకా వాడికి ఈత రాదు. వాడు రాసిచ్చిందే నిజం. అబద్ధం చెప్పింది నేను" అన్నాను.

దొర నవ్వుతాడో తిడతాడో నాకు తెలియలేదు. జేబులోంచి కాగితం తీసి, 'బాగా ఈదును' అన్నదాంట్లో 'బాగా' కొట్టేశాడు. మిగతాది ఉంచాడు. తరవాత పెన్ను నా చేతికిచ్చాడు. నేను నా జేబులో కాగితం తీశాను. అక్కయ్య మొహం కళ్లముందు ఉండగానే సంతకం పెట్టాను. అక్షరాలు నావిలా రాలేదు.

బందరు

తిరుగు ప్రయాణంలో ఏ స్టేషన్లు వచ్చాయో గుర్తులేదు. మల్లయ్య బలవంతంగా ఇచ్చిన సొరకాయ బుర్ర ఒకటి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్కవాళ్లు అదేదో వాయిద్యం అనుకున్నారు.

అక్కయ్య వాకిట్లోనే ఉంది. "పెట్టావా?" అంది. పెట్టానన్నాను. ఆవిడ లోపలికి పోయి తలుపు వేసుకోబోయింది. నేను బడి సంచిలోంచి సుద్దముక్క తీసి, గచ్చు మీద కూర్చుని, ఏటిమొగ గీశాను. ఒడ్డు గీశాను. పడవ తిరగబడ్డచోట చుక్క పెట్టాను. ఆ రోజు నా వేలు ఎటు చూపించిందో, తెప్ప ఆయన ఎక్కడ వెతికాడో పదకొండేళ్ల తరవాత అంతా చెప్పాను. తరవాత ప్రసాదు గీసినట్టే ఆ చుక్కనుంచి దక్షిణానికి గీత గీశాను.

అక్కయ్య నన్ను తిడుతుందనుకున్నాను. ఆవిడ వచ్చి గీత పక్కన కూర్చుంది. గీత చివర వేలు పెట్టి, "ఇటు పోయాడా?" అంది.

"ఇటే."

"ఇన్నాళ్లూ నేను ఎదురుగా తూర్పుకే చూస్తూ కూర్చున్నాను" అంది. చాలాసేపు దక్షిణం వైపు తిరిగి కూర్చుంది. పొద్దు వాలాక కొంగుతో మొహం తుడుచుకుని, నేను గచ్చు మీద పెట్టిన సొరకాయ బుర్ర తీసుకుని తిప్పి తిప్పి చూసి అడిగింది.

"వాడికి ఈత వచ్చా?"

"వచ్చు" అన్నాను. ఈసారి నిజమే చెప్పాను.